కొమ్ములింకా ఆరలేదు

మా నెవిల్ ఏ పని మొదలుపెట్టినా ముప్పాతిక మువ్వీసం అయ్యాక ఆగిపోతుంది. మా వంటింట్లో ఒక అలమరకు తలుపు లేదు. తలుపు లేకపోవడమంటే తలుపు లేక కాదు. అది బందులతో సహా మెట్ల కింద గోడకు ఆనించి ఉంది. పెళ్ళయిన కొత్తల్లో సరిగ్గా బిగిస్తానని ఊడదీశాడు. స్నానాలగదిలో కిటికీ కింద ఒక్క టైలు తక్కువ. ఆ టైలూ ఇంట్లోనే ఉంది, దాని మీద నేను టీ కప్పు పెట్టుకుంటాను. పెళ్ళికి ముందే మా అమ్మ హెచ్చరించింది. "ఎనిడ్, అబ్బాయి బంగారమే. కానీ బంగారం కరిగించి నగ చేసే రకం కాదు, కరిగించి వదిలేసే రకం. ఆలోచించుకో" అంది. నేను ఆలోచించుకోలేదు.

ఇంత చెప్పి ఇంకో మాట చెప్పకపోతే కళ్ళు పోతాయి. నాటింగ్‌హామ్‌లో సిటీ బస్సు నడిపినన్నాళ్ళూ ఏనాడూ బస్సుని ఆఖరి స్టాపు దాకా తీసుకెళ్ళకుండా ఆపలేదు. మంచు పడనీ, సగం డ్రైవర్లు సమ్మెలో ఉండనీ. "అందులో జనం కూర్చుని ఉంటారే, ఎనిడ్" అనేవాడు. మరి నేనెక్కి కూర్చున్న ఈ సంసారం మాటేమిటయ్యా అంటే కుంచె నాకేవాడు.

అవును, నాకడమే. బొమ్మలకు రంగులేసేవాళ్ళంతా నాకుతారు. కొమ్ము మొన మీద వెంట్రుకంత గీత పడాలంటే కుంచె సూదిలా ఉండాలట, అందుకు ఎంగిలిని మించింది లేదట. ఒకసారి డాక్టరు నాలుక చాపమంటే చాపాడు. పాపం ఆ పిల్ల డాక్టరు పచ్చటి నాలుక చూసి కుర్చీ వెనక్కి జరుపుకుంది. టీ కప్పులో కుంచె కడగడం, కుంచె కడిగిన నీళ్ళు టీ అనుకుని తాగడం మా ఇంట్లో వార్త కాదు. తాగి "ఇవాళ టీ కాస్త చిక్కగా ఉంది" అన్నాడంటే మాత్రం నాకు చిర్రెత్తుకొచ్చేది.

మా వీధి చివర చర్చి హాల్లో గురువారం గురువారం బొమ్మల యుద్ధం జరుగుతుంది. నెరిసిన జుట్టూ కీళ్ళనొప్పులూ ఉన్న మగవాళ్ళు, మధ్యన ఒకరిద్దరు ఆడవాళ్ళు, పెద్ద బల్ల మీద గుట్టలూ చెట్లూ పేర్చి, వేలెడంత సైనికుల్ని నిలబెట్టి, టేపుతో దూరాలు కొలుచుకుంటూ, పాచికలు వేసి చంపుకుంటారు. నేను బడి వంటశాలలో పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి టీ కెటిలు నా చేతికిచ్చారు. అక్కడ కొమ్ములంటే నెవిలే. ఎవరి రాక్షసుడికి కొమ్ములున్నా, ఎవరి భూతానికి ముళ్ళున్నా డబ్బాలో పెట్టి మా ఇంటికి తెచ్చిస్తారు. మొదట ముదురు గోధుమరంగు, దాని మీద మొదలు నుంచి మొన వైపుకి ఎముకరంగు గీతలు, ఒక్కో వరస పైకెళ్ళేకొద్దీ పల్చగా, సన్నగా. ఆఖరున గీతల మధ్య గాళ్ళలోకి నీళ్ళలాంటి మడ్డిరంగు. వారం తిరక్కుండా ఇచ్చేస్తాడు. చూస్తే నిజంగా ఏదో జంతువు నెత్తి మీద పెరిగి, చెట్లకు రుద్దుకుని అరిగిన కొమ్ముల్లా ఉంటాయి. నా మొగుడని చెప్పడం లేదు, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నా.

ఊరందరి కొమ్ములూ వారంలో పూర్తిచేసేవాడు తన సొంత డ్రాగన్ కొమ్ములు మాత్రం ఏళ్ళ తరబడి పూర్తిచేయలేదు. పిల్లి అంత డ్రాగన్ అది. ఒళ్ళంతా రంగు పడింది. రెక్కలు అయ్యాయి, పొలుసులు అయ్యాయి, నోట్లో మంట కూడా అయింది. నెత్తి మీద కొమ్ములూ, మెడ నుంచి తోక దాకా ముళ్ళూ మిగిలాయి. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టు, ఆ కొమ్ములే మా ఇంటినీ, ఎదురింటినీ, నాలుగొందల మైళ్ళ అవతలున్న స్కాట్లండ్‌లో ఇంకో ఇంటినీ కలిపి పొడిచాయి.

ఎదురిల్లు క్లెమ్ వార్డిల్‌ది. క్లెమ్ రైల్వే సిగ్నళ్ళు చూసేవాడు. పెళ్ళాం పోయి చాలాకాలమైంది. బల్లకు అటు క్లెమ్, ఇటు నెవిల్, మధ్యలో యుద్ధం, ఇది నా జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ నడుస్తోంది. క్లెమ్‌ది మరుగుజ్జుల సైన్యం. మోకాళ్ళ దాకా గడ్డాలు, ఒక్కటంటే ఒక్క ఫిరంగి. ఆ ఫిరంగి మీద అతనికి కన్నకూతురి మీద ఉన్నంత ప్రేమ. కన్నకూతురు వెండీ అబర్డీన్‌లో కాపురం ఉంటోంది. తండ్రి తుంటి ఎముక అరిగింది, మా వీధి ఇళ్ళ మెట్లేమో నిచ్చెనల్లాంటివి. అందుకని కింద అంతస్తులో తండ్రికో గది కట్టించి, కిటికీ తెరలు కూడా వేలాడదీసి, ఎప్పుడొస్తావు నాన్నా అని కూర్చుంది.

క్లెమ్ సరేనన్నాడు. అనేసి, ఆ గురువారం హాల్లో కుర్చీ పట్టుకుని లేచి నిలబడి, నా చేతి టీ పైకెత్తి అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు.

"వినండి బాతులూ! నెవిల్‌గాడు ఆ డ్రాగన్ పేరు చెప్పి నన్ను ఎన్నేళ్ళ నుంచో బెదిరిస్తున్నాడు. దాన్ని నా ఫిరంగితో కూల్చందే నేను నాటింగ్‌హామ్ పొలిమేర దాటను!"

మా ఊళ్ళో ముద్దొచ్చినా ఒళ్ళు మండినా మనిషిని బాతనే పిలుస్తాం. అందరూ బల్లలు చరిచారు. నెవిల్ కూడా చరిచాడు. అప్పుడు వాడి మొహం నేను చూడలేదు, కెటిలు పొంగుతోంది.

ఇక చూడండి. మా బొమ్మల యుద్ధాల క్లబ్బు కార్యదర్శి గాడ్‌ఫ్రీ స్పర్. పూర్వాశ్రమంలో రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసేవాడు. ఆ బుద్ధి పోలేదు, ప్రతి బొమ్మనీ టికెట్టు లేని ప్రయాణికుణ్ణి చూసినట్టు చూస్తాడు. వాడి రూలు ఒకటి ఉంది. రంగు పడని బొమ్మ బల్లెక్కకూడదు. బోసి ప్లాస్టిక్కు రవ్వంత కనబడినా ఆ ఆట చెల్లదు. కాబట్టి కొమ్ములు పూర్తయితే గానీ డ్రాగన్ బల్లెక్కదు, బల్లెక్కితే గానీ చావదు, చస్తే గానీ క్లెమ్ కదలడు. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు.

ఆదివారం ఆదివారం వెండీ నాకు ఫోను చేసేది.

"ఆంటీ, ఆరాయా?"

"ఏవమ్మా?"

"అవే, ఆ కొమ్ములు."

ఏం చెప్పను? నెవిల్‌ని అడిగితే ఒకటే పాట, "కొమ్ములింకా ఆరలేదు." మొదట ఎముకరంగు వేసి మొనలు నల్లగా దించాడు. బాగుంది. వారం తర్వాత చూస్తే ఊరగాయ సీసాలో ఏదో ద్రావకం పోసి, ఆ రంగంతా తోమేస్తున్నాడు. "మొన తెల్లగా ఉండాలి ఎనిడ్, మొదలు నల్లగా. తిరగేసి వేశాను" అన్నాడు. తోమింది నా పళ్ళ బ్రష్షుతో. పాతది అనుకున్నాడట. అది పాతది కాదన్న సంగతి నాకు మర్నాడు పొద్దున నోట్లో పెట్టుకున్నాక తెలిసింది. ఆ తర్వాత వోలటన్ పార్కుకి పోయి జింకల్ని చూసొచ్చాడు. వచ్చి, జింక కొమ్ము వేరు డ్రాగన్ కొమ్ము వేరని మళ్ళీ తోమాడు. తర్వాత ఎవరి పొలంలోనో పొట్టేలును చూడబోతే అది కంచె మీదుగా వీడి టోపీ తినేసింది. ఈస్టరు పోయింది, ఎండాకాలం అనే ఆ నాలుగు రోజులూ పోయాయి, క్రిస్మస్ పోయి మళ్ళీ ఈస్టరు వచ్చింది.

"వాణ్ణి తిట్టకులే ఎనిడ్" అని క్లెమ్ నన్నే సమాధానపరిచేవాడు. "వాడికి భయం. కొత్తగా రంగేసిన బొమ్మ మొదటి యుద్ధంలోనే చస్తుందని మాలో ఒక నమ్మకం. నిజమే, నా మరుగుజ్జులు ఎంతమందో అలాగే పోయారు. ఏళ్ళు పోసి పెంచుకున్నాడు కదా, మొదటి దెబ్బకే పోతుందని బాధ. వెయ్యనీ."

నేనూ అదే అనుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషిని ఏం చేస్తాం?

శరత్కాలంలో ఒక రోజు క్లెమ్ తన ఇంటి మెట్ల మీద జారాడు. ఎక్కువేం కాలేదు, కింది మెట్ల మీద కూర్చున్నట్టు పడ్డాడు. మాకు నవ్వుతూనే చెప్పాడు. "నాకంటే నా టీ కప్పుకే ఎక్కువ దెబ్బ తగిలింది" అన్నాడు. కానీ ఆ ఆదివారం వెండీ ఫోనులో కొమ్ముల గురించి అడగలేదు. ఊరికే ఏడ్చింది. "ఆంటీ, ఆయన అలా పడిపోయి, నేను ఇక్కడుండి..." అని ఆగిపోయింది. ఫోను పెట్టేసి నేనూ ఒట్టు పెట్టుకున్నాను. ఈ డ్రాగన్ సంగతి ఇక నేనే తేలుస్తాను!

అప్పటికి కొమ్ములకీ ముళ్ళకీ రంగు వేయడం మళ్ళీ అయింది. పైన వార్నిష్ కొట్టడం ఒక్కటే మిగిలింది. దానికి పొడి రోజు కావాలంటాడు. నాటింగ్‌హామ్‌లో, అక్టోబరులో, పొడి రోజు! మంగళవారం నెవిల్ పన్ను పీకించుకోవడానికి పోయాడు. బయట వాన కూడా కాదు, గాలే తడిగా వేలాడుతోంది. నేను డ్రాగన్ని పెరటి షెడ్డులోకి తీసుకెళ్ళి, వార్నిష్ స్ప్రే డబ్బా బాగా ఊపి, తల నుంచి తోక దాకా ఒక్క చోటు వదలకుండా కొట్టాను. బడి వంటశాలలో ఇంతింత మూకుళ్ళకు నూనె పూసిన చెయ్యి ఇది, దీనికో లెక్కా అనుకున్నాను.

టీ తాగొచ్చి చూద్దును కదా, డ్రాగన్ తెల్లబడిపోయింది. పిండిడబ్బాలో పడి లేచిన పిల్లిలా ఉంది. కొమ్ములు లేవు, ముళ్ళు లేవు, అంతా తెలుపే. తడి గాలిలో ఆ వార్నిష్ కొడితే మంచు పట్టినట్టు తెల్లగా పొడిబారుతుందట. క్లబ్బులో పసిపిల్లాడికి కూడా తెలుసట. నాకు తెలీదే! రుద్దాను, పోలేదు. ఊదాను, పోలేదు. దేవుడా, ఇన్నేళ్ళ కాపురం ఒక స్ప్రే డబ్బాతో కూలిపోతుందా అని అక్కడే పూలకుండీ మీద కూలబడ్డాను.

నెవిల్ వచ్చాడు. పంటి డాక్టరు ఇచ్చిన మత్తుకి మొహంలో సగం మొద్దుబారి కిందికి జారి ఉంది. షెడ్డు తలుపులో నిలబడి చూశాడు.

"నేనే చేశాను" అన్నాను. "తిట్టదలుచుకుంటే తిట్టు. కానీ ముందే చెబుతున్నా, నేను తిరిగి తిడతాను."

అప్పుడు చూశాను. కదిలే సగం మొహం నవ్వుతోంది! కోపం దాచుకున్న నవ్వు కాదు, లాటరీ తగిలినవాడి నవ్వు.

"పోన్లేవే" అన్నాడు ముద్దముద్దగా. "మళ్ళీ మొదటి నుంచి వేద్దాం. అంతా తోమి, కొమ్ములు, ముళ్ళు... చలికాలమంతా పడుతుంది. మార్చి అనుకో. ఏప్రిల్ అనుకో."

మొగుడి ఏళ్ళ కష్టం మట్టిపాలు చేసిన పెళ్ళానికి ఇంత మంచి మాట ఎవరైనా చెబుతారా? జింకలూ పొట్టేళ్ళూ అన్నీ నా కళ్ళ ముందు గిర్రున తిరిగాయి.

"నెవిల్, నువ్వు కావాలనే తోమేస్తున్నావు. ప్రతిసారీ."

వాడు డ్రాగన్ తోక మీది తెలుపుని గోటితో గీకాడు.

"ఆ డ్రాగన్ బల్లెక్కితే క్లెమ్ వెళ్ళిపోతాడని."

"పన్ను నొప్పెడుతోంది" అన్నాడు.

"మత్తిచ్చారుగా, నొప్పెట్టదు. చెప్పు!"

వాడు కుండీ మీద నా పక్కన కూర్చున్నాడు. ఇద్దరికీ చాలని కుండీ అది. "వాడు పోతే గురువారం నేనెవరితో ఆడను ఎనిడ్?"

"క్లబ్బులో మనుషులే లేరా?"

"ఉన్నారు. వాళ్ళతో ఆడతాను, ఓడిపోతాను కూడా. కానీ ఓడిపోయాక ఎవర్ని తిట్టుకుంటూ ఇంటికి రాను? గాడ్‌ఫ్రీనా? వాడు నొచ్చుకుంటాడు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాడి మీద ఎంత జాలేసిందో అంత కోపమూ వచ్చింది. "అక్కడ ఆ మనిషి మెట్ల మీద పడుతున్నాడు, నీకేమో ఆట కావాలి" అన్నాను. అనకుండా ఉండాల్సింది. వాడి సగం నవ్వూ ఆరిపోయింది.

సరిగ్గా అప్పుడే క్లెమ్ చేతికర్ర టకటకమంటూ పెరట్లోకి వచ్చింది, వెనకాల క్లెమ్. షెడ్డులోకి తొంగి చూశాడు. డ్రాగన్ని చూశాడు. పగలబడి నవ్వాడు.

"ఓరి నాయనో! ఎవరు చేశారిది? నువ్వా ఎనిడ్? భలే! ఇంట్లో ఆలివ్ నూనె ఉందా?"

"నూనెందుకు?"

"కుంచెతో కాస్త నూనె పట్టిస్తే ఈ తెలుపంతా పోతుంది, కింద రంగు ఎక్కడికీ పోదు. గంట పని. నా ఫిరంగి ఇలాగే తెల్లబడితే ఇదిగో, వీడే బాగుచేసిచ్చాడు. నాకు నేర్పింది..."

అక్కడ ఆగాడు. నెవిల్ వైపు తిరిగాడు. నెవిల్ ఎరువు బస్తా మీద రాసున్న అక్షరాలు శ్రద్ధగా చదువుతున్నాడు. క్లెమ్ మొహంలో నవ్వు మెల్లగా ఇంకోలా మారింది. నేను నూనె తేవడానికి ఇంట్లోకి పోయాను, అవసరమైన దానికంటే ఎక్కువసేపే వెతికాను.

వంటింటి బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. నెవిల్ కొమ్ముల వైపు నుంచి, క్లెమ్ తోక వైపు నుంచి. ఒక్కో ముల్లుకీ నూనె పూస్తుంటే తెల్లదనం కింద నుంచి ఎముకరంగు, దాని కింద గోధుమరంగు, గాళ్ళలో మడ్డి, అన్నీ తిరిగి పైకి తేలాయి. కుంచెలు వెన్ను మధ్యలో కలుసుకున్నాయి.

"వచ్చే గురువారం, నెవిల్" అన్నాడు క్లెమ్.

"కొమ్ములింకా..."

"ఆరతాయి."

నెవిల్ తల ఊపాడు. క్లెమ్ లేవబోతే చేతికర్ర అందించాడు.

గురువారం హాలు నిండిపోయింది. డ్రాగన్ వస్తోందని ఎప్పుడో మానేసినవాళ్ళు కూడా వచ్చారు, నా బిస్కెట్లు చాలలేదు. గాడ్‌ఫ్రీ టార్చి తీసి డ్రాగన్‌ని చుట్టూ తిరిగి చూశాడు. పంటి చిగుళ్ళు చూశాడు, గోళ్ళు చూశాడు. నూనె వాసన చూసి "ఇదేంటి, సలాడ్ వాసనొస్తోంది?" అన్నాడు. "నీకు టీ కావాలా వద్దా గాడ్‌ఫ్రీ?" అన్నాను. ప్యాసు చేసేశాడు.

మొదటి దెబ్బకే చస్తుందని అందరూ ఊపిరి బిగబట్టారు. ఏం చావడం! క్లెమ్ పాచికలు వేశాడు, గుండు గుట్టకు తగిలింది. మళ్ళీ వేశాడు, ఫిరంగి పేలలేదు. ఇంకోసారి వేస్తే సొంత మరుగుజ్జులే ముగ్గురు పోయారు. డ్రాగనేమో ఎడాపెడా గడ్డాలవాళ్ళని మింగుతోంది. "ఇన్నాళ్ళూ కొమ్ములకు మంత్రం గాని వేశావేంట్రా?" అని క్లెమ్ తిట్టాడు. "నీ ఫిరంగికి కళ్ళజోడు చేయించు" అన్నాడు నెవిల్. వాడి మొహం వెలిగిపోతోంది. డ్రాగన్ చావదు, ఒట్టు తీరదు, వాడి ప్రమేయం ఏమీ లేదు. దేవుడే వాడి పక్షాన పాచికలు వేస్తుంటే ఎవర్ని ఏమనగలం?

టీ వేళ అందరూ నా చుట్టూ మూగారు. క్లెమ్ మాత్రం బాత్రూముకి బయల్దేరాడు. హాల్లోంచి అటు పోవాలంటే రెండు మెట్లు దిగాలి, రెండే. అతను రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక కాలు దించి ఆగి, ఊపిరి తీసుకుని, రెండో కాలు దించాడు. ఎవరూ చూడటం లేదనుకుని నొప్పికి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నెవిల్ చూస్తున్నాడు. నేనిచ్చిన టీ వాడి చేతిలోనే చల్లారిపోయింది.

ఆట మళ్ళీ మొదలైంది. నెవిల్ వంతు. డ్రాగన్ గుట్ట చాటున భద్రంగా ఉంది. అక్కడే ఉంటే ఏ గుండూ తగలదు. ఇంకో రెండు వంతులైతే హాలు మూసేస్తారు, ఆటా గెలుస్తాడు, మనిషీ మిగులుతాడు. నెవిల్ దాన్ని రెండు చేతులతో ఎత్తి, గుట్ట దాటించి, బల్ల మధ్యకు తెచ్చి, తిన్నగా ఫిరంగి మూతి ముందు పెట్టాడు.

నాకు ఆ ఆటలో ఓనమాలు రావు. అయినా నాకూ అర్థమైంది.

"నెవిల్" అన్నాడు క్లెమ్. "ఇదేం ఎత్తురా?"

"దాని ఇష్టం. అలా ఎగిరింది."

"తప్పు పెట్టావేమో. వెనక్కి తీసుకో."

"ముట్టుకున్నాక మార్చకూడదు. రూలు. కావాలంటే గాడ్‌ఫ్రీని అడుగు" అన్నాడు నెవిల్. "వెయ్యవయ్యా బాతూ, వేళవుతోంది. వెండీ తెరలు కూడా కట్టిందట."

క్లెమ్ పాచికలు చేతిలో పట్టుకుని చాలాసేపు వాటినే చూశాడు. తర్వాత వేశాడు. ఈసారి గుండు గుట్టకు తగల్లేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. డ్రాగన్‌ని నెవిలే పక్కకు పడుకోబెట్టాడు, కొమ్ములు విరగకుండా తల కింద అరచెయ్యి పెట్టి. క్లెమ్ కర్ర వదిలేసి బల్ల పట్టుకుంటూ చుట్టూ తిరిగి వచ్చి, వాడి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. గాడ్‌ఫ్రీ టార్చి తీసి గోడ వైపు తిరిగి బ్యాటరీ సరిచూసుకున్నాడు. నేను ఏడ్చాను, ఎందుకు దాచాలి?

మా క్లబ్బులో లేని ఆచారం ఒకటి నెవిల్ అప్పటికప్పుడు పుట్టించాడు. చంపినవాడే కళేబరం మోసుకెళ్ళాలట. డ్రాగన్‌ని నేను కప్పులు తుడిచే మంచి తువాలులో చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టి క్లెమ్‌కి ఇచ్చాడు. నెల తిరక్కుండా ఎదురింటి ముందు వ్యాను ఆగింది, వెళ్ళిపోయింది. కిటికీలకు తెరలు లేని ఇల్లు చూడలేక నెవిల్ కుర్చీ అటు నుంచి ఇటు తిప్పుకున్నాడు.

ఆ తర్వాతి వారం నేను బజారు నుంచి వచ్చేసరికి వంటింటి అలమరకు తలుపు ఉంది. తెరిచాను, మూశాను, చక్కగా పడుతోంది. ఇన్నేళ్ళుగా ఆ తలుపు కోసం పోరాడినదాన్ని, తీరా దాన్ని చూసేసరికి భయమేసింది. వీడికి ఇక ఏదీ మిగుల్చుకోవాలని లేదన్నమాట. రాత్రికి వాడికిష్టమైన, మాంసం కూరి కాల్చిన రొట్టె చేసి పెట్టాను, సగం తిన్నాడు. సగం వదిలేశాడంటే పాత బుద్ధి కొంచెం మిగిలిందిలే అని సమాధానపడ్డాను.

ఆదివారం ఫోను మోగింది. వెండీ అనుకున్నాను. క్లెమ్.

"ఎనిడ్, నీ మొగుణ్ణి పిలు! ఆ దొంగని పిలు!"

అరుపు పక్కింటికి కూడా వినబడి ఉంటుంది. నెవిల్ ఫోను చెవికి కొంచెం దూరంగా పట్టుకున్నాడు.

"ఒరేయ్, ఇవాళ భూతద్దం పెట్టి తుడుస్తున్నా దాన్ని. ఎడమ రెక్క కింద, చంకలో, ఒక ముల్లుకి రంగు లేదు! బోసి ప్లాస్టిక్కు! మొత్తం బూడిదరంగే!"

"అయ్యో" అన్నాడు నెవిల్. "చూసుకోలేదు సుమా." చెవులు టమాటాల్లా ఎర్రబడ్డాయి.

"చూసుకోలేదా? గాడ్‌ఫ్రీకి ఇప్పుడే ఫోను చేశాను. బోసి బొమ్మ బల్లెక్కితే ఆట చెల్లదన్నాడు. ఆట చెల్లకపోతే నేను దాన్ని చంపలేదు. చంపకపోతే నా ఒట్టు తీరలేదు. ఒట్టు తీరకుండా పొలిమేర దాటించి నన్ను పాపంలో పడేశావు!"

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"ఏం చెయ్యమంటావంటే? నేనా కదలలేను. కుంచె పట్టుకుని నువ్వే రా. వచ్చి ఆ ముల్లుకి రంగేసి, మళ్ళీ ఆడు. వెండీ సోఫా పరుస్తానంటోంది. ఎనిడ్‌ని కూడా తీసుకురా, ఇక్కడి టీ నీళ్ళలా ఉంది."

ఫోను పెట్టేశాక వాడు నా వైపు చూడకుండా సరాసరి మెట్ల కిందికి పోయి పెట్టె తీశాడు. "చూసుకోలేదా, నెవిల్?" అన్నాను. "నా కుంచెలు ఎక్కడ పెట్టావే?" అన్నాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే.

వారం తిరక్కుండా ఉత్తరాదికి రైలెక్కాం. వాడి ఒళ్ళో చిన్న సంచి. అందులో కుంచె, ఎముకరంగు సీసా, గోధుమరంగు సీసా, నల్లరంగు సీసా, నా పళ్ళ బ్రష్షు. ఈసారి నిజంగా పాతదే, నేనే చూసి పెట్టాను. యార్క్ దాటాక శాండ్‌విచ్ చేతికిచ్చి అడిగాను.

"ఒక్క ముల్లేగా? సాయంత్రానికి వేసేస్తావా?"

నెవిల్ కిటికీలోంచి బయట మేస్తున్న గొర్రెల కొమ్ములకేసి చూస్తూ శాండ్‌విచ్ నిదానంగా నమిలాడు.

"చూడాలే ఎనిడ్" అన్నాడు. "మొన తెల్లగా ఉండాలో నల్లగా ఉండాలో ఇంకా తేలలేదు."